కాటర్ పిన్ను

రామనర్సయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పడిపోయాయి. అప్పటినుంచి పడవ దుర్గమ్మ చేతికి వచ్చింది. పడవతోపాటు దాని వెనక బిగించే చిన్న మోటారు కూడా వచ్చింది. తర్లగూడకు మూడు కోసుల దూరంలో, గోదారి ఒడ్డున ఉన్న ఆ పల్లెకు మోటారు పడవంటే అదొక్కటే. అవతలి ఒడ్డున మిర్చి, పత్తి చేలల్లో కూలికి పోయే ఆడవాళ్లు పొద్దున దాని మీద పోయి సాయంత్రం దాని మీదే వచ్చేవాళ్లు.

ఇరవై ఏళ్లు ఆ మోటారును రామనర్సయ్య ఎవరినీ ముట్టనివ్వలేదు. దుర్గమ్మ పని పక్కన కూర్చుని పానాలు అందించడం వరకే. ఒకసారి పది నంబరు అడిగితే పన్నెండు అందించింది. అదే పానాతో చేతి మీద కొట్టాడు. చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. ఏమైందని అత్త అడిగితే "రేవుల జారిపడ్డది" అన్నాడు రామనర్సయ్య. దుర్గమ్మ అక్కడే ఉంది, ఏమీ అనలేదు.

కానీ ఆ ఇరవై ఏళ్లూ ఆమె కళ్లు ఊరికే లేవు. పెట్రోలులో లీటరుకు ఎంత ఆయిల్ కలపాలో, ప్లగ్గు మీది మసి ఏ రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టో ఆమెకు తెలుసు. గేర్ ఆయిల్ కింది స్క్రూ దగ్గరినుంచి ఎక్కించాలని, పై రంధ్రంలోంచి పొంగి వచ్చేదాకా ఎక్కించాలని, పాలలాగా తెల్లగా కారిందంటే లోపలికి నీళ్లు దిగాయని కూడా తెలుసు. అన్నీ దెబ్బలతో కలిపి నేర్చుకున్న చదువు కాబట్టి ఒక్క అక్షరం మరిచిపోలేదు.

పది రోజులకోసారి మోటారును పడవ నుంచి విప్పి, రేవు పక్కన పాకలో కర్ర స్టాండుకు తగిలించి పని చేసేది. ఆ పాకలోనే రామనర్సయ్య మంచం.

ఆట మొదలైంది మొదటిసారి పెట్రోలు కలిపినప్పుడే. ఆయిల్ సీసా ఎక్కడ పెట్టిందో గుర్తుకు రాక, వట్టి పెట్రోలు డబ్బా ఎత్తి ట్యాంకు మూతి దగ్గర పెట్టి వెతుక్కుంటోంది. మంచం మీద రామనర్సయ్య గింజుకోవడం మొదలుపెట్టాడు. ఆయిల్ లేకుండా పోస్తే ఇంజిన్ బిగుసుకుపోతుందని అతని భయం. అతనికి మిగిలిన మాట ఒక్కటే.

"అద్ది! అద్ది! అద్ది!"

మెడ నరాలు ఉబ్బాయి. ఎడమ చెయ్యి గాలిలో కొట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దుర్గమ్మ డబ్బా అలాగే పట్టుకుని అతన్ని చూసింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ మనిషి తన చేతిని చూసి భయపడడం అదే మొదటిసారి. ఆమెకు ఒళ్లంతా చల్లగా, హాయిగా అనిపించింది.

"ఏందయ్యా? పొయ్యాల్నా, వద్దా? చెప్పు మరి. నోరు లేదా?" అంది.

ఆ తర్వాత ప్రతిసారీ అదే వరస. కర్ర స్టాండును అతనికి బాగా కనబడాలని మంచానికి దగ్గరగా జరిపింది. అతని ఎడమ చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా. ప్లగ్గును వంకరగా పెట్టి పానా పట్టేది. గేర్ ఆయిల్‌కు బదులు వంటనూనె సీసా తెచ్చి మూత తీసేది. అతను అరిచి అరిచి నురుగు కక్కేవాడు. ఆమె కడుపారా నవ్వుకుని, అతన్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టి, పని అంతా శుభ్రంగా, సరిగ్గా చేసేది. మోటారుకు ఏనాడూ లోటు చెయ్యలేదు. అదే తన కూడు అని ఆమెకు తెలుసు.

రామనర్సయ్యను చూడ్డానికి ఆ పాకకు వచ్చే మనిషి దేవే అనే ఆమె ఒక్కతే. పక్కింటి సన్న అనే అతని పెళ్లాం, దొర్ల తెగ పిల్ల, ముప్పై దాటలేదు. కూలికి పోని రోజుల్లో, దుర్గమ్మ ఏటి మీద ఉంటే రామనర్సయ్యకు గంజి తాగించేది, ఈగలు తోలేది. ఆయన ఏం చెబుతున్నాడో తనకు తెలుస్తుందనేది.

"అన్నకు అన్నీ తెలుస్తయి వదినె. ఆ ఒక్క మాటలనే అన్నీ అంటడు" అనేది.

"తెలుస్తయి, ఎందుకు తెల్వవ్" అని ఊరుకునేది దుర్గమ్మ.

ఆ భాద్రపదంలో ఏరు నిండుగా, ఎర్రగా పారుతోంది. అవతల మిర్చి నాట్లు పడ్డాయి. ఒకనాటి సాయంత్రం తిరిగొస్తుంటే నీళ్లలో తిరిగే మోటారు పంకాకు జాలర్ల నైలాన్ దారం చుట్టుకుంది. మర్నాడు తెల్లవారగానే దుర్గమ్మ మోటారును పాకలోకి తెప్పించి పంకా విప్పింది. ఇరుసుకు చుట్టుకున్న దారాన్ని కత్తితో కోసి పోగులు పోగులుగా లాగేసింది. గ్రీజు పట్టించి, పంకా ఎక్కించి, నట్టు బిగించింది. ఆ నట్టు తిరిగి ఊడకుండా అడ్డంగా దూర్చి కాళ్లు విడదీసి వంచే చిన్న పిన్ను ఒకటుంటుంది, కాటర్ పిన్ను అంటారు. అది గోనెపట్టా మీద ఉంది. దాన్ని అందుకోబోతుండగా ఫోన్ మోగింది.

అవతలి ఒడ్డు మేస్త్రీ. "ఏంది దుర్గమ్మా, ట్రాక్టరు వచ్చి నిలబడ్డది. కూలోళ్లను జల్దీ తోలుకరా. లేకుంటే వేరే ఊరోళ్లను తోలుకపోత."

ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని, సిగ్నల్ బాగా అందే రేవు గట్టు మీదికి పోయింది. మాట్లాడి వచ్చేసరికి సన్న వచ్చి ఉన్నాడు. మోటారు మోయడానికి ఎప్పుడూ అతనే సాయం. "ఎత్తుదామా వదినె?" అన్నాడు. ఎత్తు అంది. ఇద్దరూ మోటారును పడవ మీదికి చేర్చి బిగించారు. పిన్ను సంగతి ఆమె బుర్రలోంచి పూర్తిగా పోయింది.

పాకలో రామనర్సయ్య అరుస్తున్నాడు.

"అద్ది! అద్ది!"

సద్దిగిన్నె పట్టుకుని పడవెక్కబోతున్న దేవే ఆగింది. "అన్న ఏందో చెప్తాండు వదినె. ఒక్కపారి చూసి రా."

దుర్గమ్మకు విసుగొచ్చింది. ఈపూట ఆట ఆడనే లేదు, అయినా గోలే. "నేనేం తప్పు చేసిన ఇయ్యాల? అలవాటు పడ్డడు అరుసుడుకు. ఎక్కు, పొద్దెక్కింది."

దేవే రెండుసార్లు వెనక్కి చూసి ఎక్కింది. పదకొండు మంది ఆడవాళ్లు. దుర్గమ్మ తాడు లాగింది. మోటారు ఒక్క గుంజుకే అందుకుంది. పాకలోంచి వచ్చే అరుపు ఆ చప్పుడులో మునిగిపోయింది.

సగం ఏరు దాటేదాకా ఏమీ కాలేదు. పంకా ముందుకు తోస్తున్నంతసేపూ నట్టు ఊడినా పంకా తన చోటనే ఉంటుంది. నడి ఏట్లో ఒక చెట్టు మొద్దు అడ్డంగా కొట్టుకొచ్చింది. దుర్గమ్మ వేగం తగ్గించి, పడవను ఆపడానికి వెనక గేరు వేసింది. అంతే. కింద ఏదో జారినట్టయింది. మోటారు ఒక్కసారిగా బరువు దించుకున్నట్టు కీచుమంటూ అరిచింది. పడవ మాత్రం వెనక్కి జరగలేదు. ప్రవాహం దాన్ని పక్కకు తిప్పి కిందికి ఈడ్చుకుపోయింది.

దుర్గమ్మ మోటారును వంచి పైకి లేపి చూసింది. ఇరుసు చివర బోసిగా ఉంది. పంకా లేదు, నట్టు లేదు. పిన్ను ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. గోనెపట్టా మీద, డొక్కు గ్రీజు డబ్బా పక్కన. పొద్దున విన్న అరుపు కూడా గుర్తొచ్చింది.

దిగువన బండల వరస ఉంది. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ముందుభాగాన కూర్చున్న దేవే, ఎదురొస్తున్న బండను తోసెయ్యాలని కుడి చెయ్యి చాపింది.

"చెయ్యి తియ్యి దేవే!" అని దుర్గమ్మ అరిచేలోపే పడవ అంచు బండకు కొట్టుకుంది. మధ్యలో దేవే చెయ్యి ఉంది.

పడవ బోల్తా పడలేదు. రెండు బండల నడుమ ఇరుక్కుని ఆగింది. జాలర్లు చిన్న డోంగా పడవలు వేసుకుని వచ్చి అందరినీ దించారు. దేవే అరవలేదు. తన చేతికేసి చూసుకుంటూ కూర్చుంది, అది తనది కానట్టు. కొంగు చుట్టి, ట్రాక్టరెక్కించి భోపాలపట్నం తీసుకుపోయారు. అక్కడినుంచి జగదల్‌పూర్. నాలుగు వేళ్లు తీసేశారని మధ్యాహ్నానికి ఫోనొచ్చింది. బొటనవేలు ఒకటి మిగిలింది.

పడవను తాళ్లతో లాక్కొచ్చి రేవులో కట్టేసరికి ఊరు సగం అక్కడే ఉంది. ఒక ముసలి జాలరి మోటారు కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"పిన్ను లేక ఊడింది ఇది. పిన్నేది?"

 సన్న పాక వైపు నడిచాడు. అతని వెనకే జనం. జనం వెనక దుర్గమ్మ.

రామనర్సయ్య మంచం మీద లేడు. కింద పడి, ఎడమ మోచేతితో నేలమీద పాకుతూ గోనెపట్టా దాకా వచ్చి ఉన్నాడు. గడ్డం నిండా మట్టి. దుర్గమ్మను చూడగానే ఎడమ పిడికిలి పైకెత్తి విప్పాడు. అందులో కాటర్ పిన్ను ఉంది.

"అద్ది," అన్నాడు. గొంతు పోయింది, గాలి మాత్రమే వచ్చింది. "అద్ది."

"పిన్ను ఈన చేతికెట్లొచ్చింది?" అన్నాడు సన్న.

అందరూ దుర్గమ్మ వైపు తిరిగారు.  మరిచిపోయిన అంటే అయిపోయేది. ఊరు తిట్టేది. పడవ గుంజుకునేదేమో. సన్న కొట్టేవాడేమో. ఆమె మొగుడి చేతిలోని పిన్ను కేసి చూసింది, స్టాండు కేసి చూసింది, స్టాండుకూ మంచానికీ మధ్య చెయ్యి చాస్తే అందే దూరం కేసి చూసింది.

"నేను పెట్టిన," అంది. "పిన్ను పెట్టినంకనే ఫోన్ మాట్లాడ్డానికి గట్టు మీదికి పోయిన."

ఇంకేమీ అనవలసిన అవసరం రాలేదు. మిగతాది వాళ్లే కలుపుకున్నారు. వీడి సంగతి ఎవరికి తెలియదు? జారిపడ్డదని చెప్పినా, పెళ్లాం వేలు విరగ్గొట్టింది వీడేనని ఊరంతా అనుకున్నదే. పడవ ఆడదాని చేతికి పోయిందని కుళ్లి, ఒంటి చేత్తో పిన్ను పీకి దాచుకున్నాడు. పదకొండు మందిని ముంచాలనుకున్నాడు.

సన్న చెయ్యి ఎత్తి, మళ్లీ దించుకున్నాడు. వంగి రామనర్సయ్య మొహం మీద ఉమ్మి వెళ్లిపోయాడు. రామనర్సయ్య సన్నను చూడలేదు. పెళ్లాన్నే చూస్తున్నాడు. పిడికిలి ఇంకా విప్పే ఉంది.

అందరూ పోయాక దుర్గమ్మ అతన్ని మంచం మీదికి లాగి, తడిగుడ్డతో మొహం తుడిచింది. తుడుస్తూ మెల్లగా అంది:

"నా వేలు ఇరగ్గొట్టి నీ తల్లికి ఏమని చెప్పినవ్? జారిపడ్డదన్నవ్. నేను నోరు తెరిచిన్నా? తెరవలే. నువ్వూ గట్లనే ఉండు."

అతను అద్ది అనలేదు. ఆ మాట కూడా ఆ రోజుతోనే పోయింది.

మూడు వారాల తర్వాత దేవే వచ్చింది. చెయ్యి తెల్లటి గుడ్డలో మూటలాగా ఉంది. ఆమె అడుగు చప్పుడు వినగానే రామనర్సయ్య తల తిప్పాడు. గొంతులో ఏదో ఆడింది. బాగున్న సగం మొహం నవ్వుతూ, పడిపోయిన సగం వేలాడుతూ ఎడమ చెయ్యి ఆమె వైపు చాచాడు.

దేవే గుమ్మంలోనే నిలబడింది.

"ఆ పొద్దు నువ్వు నాతోని ఏందో చెప్తున్నవనుకున్న అన్నా. వదినెను ఆపిన కూడా," అంది. "సంబరం పట్టలేక అరిసినవా? మేం మునుగుతమని?"

రామనర్సయ్య చెయ్యి గాలిలోనే ఉంది. తల అడ్డంగా ఊపాలని చూశాడు. మెడ ఒక పక్కకే కదిలింది. అది అవునన్నట్టుంది.

"నీకు గంజి తాగించిన చెయ్యి ఇది," అంది దేవే.

దుర్గమ్మ పాక మూల పొయ్యి దగ్గర లేచి నిలబడింది. కాదు దేవే, ఆయన చెప్పిండు, నేనే వినలే. ఆ మాట నాలుక మీదిదాకా వచ్చింది. చెబితే దేవే నమ్ముతుందని కూడా తెలుసు. దేవే ఒక్కతే నమ్ముతుంది. ఏడుపు వచ్చింది కానీ మాట రాలేదు.

దేవే ఆ ఏడుపు చూసి కరిగిపోయింది. వచ్చి ఎడమ చేత్తో ఆమె భుజం పట్టుకుంది. "నువ్వేం జేస్తవ్ వదినె. నీ తప్పేంది? ఇసుంటోనితోని ఇన్నేండ్లు ఎట్ల బతికినవో."

దుర్గమ్మ దేవే భుజం మీద తలపెట్టి ఏడ్చింది. మంచం వైపు చూడలేదు.

రామనర్సయ్య ఇంకో ఆరు నెలలు బతికాడు. పెట్టింది తిన్నాడు. పాకలోకి ఎవరూ రాలేదు. దుర్గమ్మ కొత్త పంకా కొనుక్కుని, మోటారు పని రేవులోనే చేసుకోవడం మొదలుపెట్టింది. పిన్ను పెట్టాక రెండుసార్లు వేలితో తడిమి చూసుకునేది. ఏరు దాటే ఆడవాళ్లు ఆమె ఓపికను మెచ్చుకునేవాళ్లు. అంత జరిగినా మొగుణ్ని వదిలెయ్యలేదు, దేవత అనేవాళ్లు. ఆమె తాడు లాగి, మోటారు చప్పుడు పెంచేది.

చైత్రంలో పోయాడు. పాడె కట్టారు గానీ మోయడానికి నాలుగో మనిషి దొరకలేదు. సన్న గడప దగ్గర కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు, లేవలేదు. కాసేపు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎండ ముదురుతోంది. ఆఖరికి దుర్గమ్మే కొంగు నడుముకు దోపుకుని, పాడె వెనక కొమ్ము భుజాన పెట్టుకుంది. వంకర వేలు వెదురు మీద సరిగ్గా ఆనలేదు. దారిలో రెండుసార్లు జారింది. జారినప్పుడల్లా ముందు మోస్తున్నవాడు ఆగి, విసుక్కోకుండా, నిదానంగా పట్టుకో అత్తా అన్నాడు.