మాకు ఎముకలుండవా?

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో, సుమ్మాదేవి ఊరి బడిలో టీచరైన ప్రభావతి నడుం నొప్పితో ఏడాదిగా అల్లాడుతోంది. రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నాయని చూసి, "మీ ఉద్దానంలో ఇది మామూలేనమ్మా" అని పలాస డాక్టరు మాత్రలు రాసి పంపేసేవాడు.

ఒకరోజు బోర్డు తుడుస్తుంటే పక్కటెముక విరిగింది. భర్త విశ్వనాథ్ ఆమెను విశాఖ తీసుకెళ్తే, ఎముక మజ్జలో క్యాన్సరని తేలింది. క్యాన్సరున్న చోటును వెలిగించి చూపే పెట్ స్కాన్‌లో వెన్ను, తుంటి మచ్చలు మచ్చలుగా వెలిగాయి.

"కిడ్నీలను పాడుచేసిందీ ఈ క్యాన్సరే" అంది అక్కడి డాక్టరమ్మ.

మందులు పనిచేశాయి. రెండో స్కాన్‌లో మచ్చలు చాలావరకు తగ్గాయి. ప్రభావతి ఆ స్కాన్ రిపోర్టు పట్టుకుని నేరుగా పలాస డాక్టరు గదిలోకి వెళ్లింది.

"ఉద్దానపోళ్లకి కిడ్నీలే ఉంటాయేటండీ? మాకు ఎముకలుండవా? నొప్పని మొత్తుకుంటే ఒక్కపాలి నా నడుం సూసినారా?"

ఆమె వరండాలోకొచ్చి, అక్కడ కూర్చున్న రోగులతో గట్టిగా అంది:

"నొప్పెక్కడో ముందు సెప్పండి. ఊరి పేరు తరవాత సెప్పండి!"