గోడవైపు తిరిగిన రేటు బోర్డు

నేను ఒక బోర్డును. పేరుకే బోర్డును గానీ, బతుకంతా బోర్లానే! పలాసలో ఒక పెయింటరు నా రేకు ఒంటికి నీలం రంగు పూసి, 'కనీస వేతనం రోజుకు రూ. 280' అని పసుపు రంగుతో రాశాడు. ఆ పూట అతనికి ముట్టింది నూట యాభై. తనకు రాని కూలిని అంత గుండ్రంగా రాశాడు, మహానుభావుడు!

నన్ను కొన్నది జీడిపప్పు షెడ్డు షావుకారు గున్నయ్యగారు. గోడకు తగిలించారు, మొహం గోడవైపు పెట్టి. తనిఖీ అధికారి వచ్చే రోజున మేస్త్రి నన్ను ఇటు తిప్పేవాడు. ఏడాదికి ఒక్క పూట లోకదర్శనం. మిగతా రోజులు నన్ను గోడ చదివేది. గోడకు కూలి ఇవ్వక్కర్లేదు కదా!

అలాంటి ఒక పూట దమయంతిని చూశాను. జీడి నూనెకు వేళ్లు నల్లబడిన మనిషి. పగలంతా ఇక్కడ గింజలు కొట్టి, సాయంత్రం హోటల్లో గిన్నెలు తోమేది. ఒక్క పని కూలితోనే ఇల్లు గడిస్తే దీపాలవేళకు ఎనిమిదేళ్ల కూతురి పక్కన కూర్చోవాలని ఆమె ఆశ. జీతం మధ్యలో 'వి' చేరితే జీవితం. ఆమెకు ఆ 'వి'రామమే కరువు.

అధికారి అడిగితే చెప్పమని మేస్త్రి ఆడవాళ్లందరి చేతా వారం రోజులు వల్లె వేయించాడు: "రెండొందల ఎనభై." ఇచ్చేది నూట అరవై. అందరూ చక్కగా అప్పజెప్పారు. అధికారి టీ తాగి వెళ్లిపోయాడు. నన్ను తిరిగి గోడవైపు తిప్పడం మేస్త్రి మరిచిపోయాడు.

ఆ శనివారం కూలి పంచుతుంటే దమయంతి చెయ్యి చాపి, "రోజుకి రెండొందల ఎనభై" అంది.

"ఏమే, అది ఆఫీసరుకి చెప్పే మాట!" అన్నారు షావుకారు.

"నాకేటి తెలుసు బాబూ? మీరే గదా వల్లె ఏయించినారు. నోటికొచ్చింది సేతికి రాదేటి?"

"వస్తుందే! రేపట్నుంచి పనే రాదు నీకు!"

పక్కనున్న ఎర్రమ్మ సుత్తి కింద పెట్టేసింది. "అయితే మాకూ వద్దు బాబూ." వరసగా నలభై సుత్తులు నేల మీదికి దిగాయి. మూడు రోజులు షెడ్డు మూగబోయింది. నాలుగో రోజున కూలి ఇరవై పెరిగింది, దమయంతి పనిలోకి వచ్చింది. నేను మళ్లీ గోడకేసి తిరిగాను.

ఏడేళ్లయింది. కొత్త రేటుతో కొత్త బోర్డు వచ్చింది, దానికీ అదే గోడ. నన్ను నీళ్ల డ్రమ్ము మీద మూతగా వేశారు, మొహం పైకి. సర్కారు లెక్కకు నేను గడిచిపోయిన నిన్నను. ఇక్కడ మాత్రం ఇంకా తెల్లవారని రేపును.

దమయంతి మూత తీసే ముందు నల్లటి వేలితో నా అంకెలు తడుముతుంది. ఇప్పుడు ఆమె కూలి రెండు వందల నలభై.

"ఇంకా నలభై ఉంది పిన్నీ, దీనికాడికెళ్లడానికి" అంటుంది ఎర్రమ్మతో.

నీళ్లు తాగి హోటలుకు బయల్దేరుతుంది. కూతురికిప్పుడు పదిహేనేళ్లు. అమ్మ ఎన్నింటికొస్తుందని అడగడం మానేసిందట.