మంచి కాలికి పట్టీ

ఇక మిగిలింది ఒక్క కూత. భూపాలపల్లి జట్టు రెండు పాయింట్లు ముందుంది. సంజీవ టైమ్‌ఔట్ అడిగి బెంచీ వైపు తిరిగాడు. ఎడమ మోకాలికి నీలం పట్టీతో కీర్తన అక్కడే ఉంది.

"నేను పోతా సార్," అంది, అతడు నోరు తెరవకముందే.

మహబూబాబాద్ అమ్మాయిల కబడ్డీ జట్టుకు సంజీవ కోచ్. గార్ల ఊరి పిల్ల కీర్తన కూతకు వెళ్లిందంటే ఉత్త చేతులతో తిరిగొచ్చేది కాదు. రాష్ట్ర జట్టును ఎంపిక చేసే పెద్దమనుషులు బల్ల వెనకాల కూర్చుని చూస్తున్నారు. వాళ్ల కళ్లముందు ఒక్క మంచి కూత పడితే ఆ పిల్ల దారే మారిపోతుంది. కానీ మొన్న జనగామలో, సెమీఫైనల్ చివర్లో, ఆమె పడింది. లేచి కుంటింది.

"ఏ కాలు?" అని అప్పుడే అడిగాడు సంజీవ.

"ఎడమది సార్. జరంత నరం పట్టింది, గంతే."

ఎడమ కాలి మీద గెంతించాడు. గుంజీలు తీయించాడు. మోకాలు అటూ ఇటూ కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. "ఏం గాలే, అన్నీ నాటకాలు," అని నవ్వి తనే పట్టీ కట్టాడు. రెండో కాలు కూడా పట్టి చూడాలన్నది కోచింగ్‌లో ఓనమాలు. చూడలేదు. ఆ సాయంత్రం బస్సెక్కుతూ ఆమె కుడి పాదాన్ని మెట్టు మీద కోడిగుడ్డు పెట్టినంత మెల్లగా ఆనించింది. అది మాత్రం చూశాడు. చూసి, ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకు తిరిగాడు.

"నొప్పుందా?" అన్నాడు ఇప్పుడు.

"లేదు సార్."

ఆ మాట కోసమే అడిగాడు. "అయితే పో."

కీర్తన గీత దాటింది. కూత ఆగకుండా ఎడమ మూలకు దూసుకెళ్లి ఒకమ్మాయి భుజం తాకింది. వెనక్కి తిరుగుతూనే ఇంకొకమ్మాయిని తాకింది. జనం లేచి నిలబడ్డారు.

"పట్టీ కాలు! పట్టీ కాలు వట్టుండ్రి!" అని అవతలి కోచ్ అరిచాడు.

మూలనున్న పిల్ల డేగలా వాలి ఎడమ కాలు దొరకబుచ్చుకుంది. కీర్తన ఒళ్లంతా కుడి కాలి మీద మెలితిప్పి నడిగీత వైపు దూకింది. కటుక్కుమంది. గట్టు మీదున్న సంజీవకు కూడా వినిపించింది. ఆమె బోర్లా పడింది. వేళ్ల కొసలు గీత దాటాయి.

తాకిన ఇద్దరూ, పట్టుకున్న ఒకరూ. మూడు పాయింట్లు. గెలిచారు.

అందరూ గంతులేస్తుంటే సంజీవ స్ప్రే డబ్బాతో పరుగెత్తి ఎడమ కాలు పట్టుకున్నాడు.

"గది కాదు సార్!" జట్టులోని శ్రేయ ఏడుస్తూ అరిచింది. "కుడిది! జనగామలనే పోయింది. మీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

"మరి పట్టీ..."

"మీరే నేర్పిన్రు గద సార్. దెబ్బ కాలు దాసి మంచి కాలుకు పట్టీ కట్టాలె, అవతలోళ్లు మోసపోవాలె అని."

ఏళ్లుగా ఎన్నో జట్లకు తొడ చరిచి మరీ చెప్పిన కిటుకు అది. ఆ అవతలోళ్లలో తనూ ఒకడని సంజీవకు అప్పుడే తెలిసింది.

మోకాటి లోపలి లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు దవాఖానలో. "జనగామలోనే ఆపి ఉంటే ఆపరేషన్ దాకా వచ్చేది కాదేమో," అన్నాడు డాక్టర్. ఆ 'ఏమో' సంజీవను నిద్రపోనివ్వలేదు. రాష్ట్ర జట్టు కీర్తన లేకుండానే వెళ్లిపోయింది.

ఆపరేషన్ తర్వాత మహబూబాబాద్‌లో ఫిజియోథెరపీ మొదలైంది. సంజీవ ప్రతిసారీ వెళ్లేవాడు. బయట బల్ల మీద కీర్తన తల్లి ముత్తమ్మ కూర్చుని ఉండేది. మొదటి రోజు ఒకే ఒక్క మాట అంది.

"నీకు కప్పొచ్చింది సారూ, నా బిడ్డకు కర్రొచ్చింది."

అతడు తల దించుకుని లోపలికి వెళ్లాడు. ఫిజియో శ్రీలత కీర్తన మడమ పట్టుకుని మోకాలు మెల్లగా వంచుతోంది.

"ఎంత నొప్పి లేస్తున్నది? ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు చెప్పేదాన్ని బట్టే నేను వంచాలె."

కీర్తన ముందు సంజీవ ముఖం వైపు చూసింది. నుదుట చెమట పోసింది. పెదవి కరిచి, "ఏం లేదు మేడం," అంది.

శ్రీలత చేతులు ఆగిపోయాయి. "నొప్పి లేకుంటే ఇంకా వంచుత మరి. మల్ల తెగితే నన్ననొద్దు."

కీర్తన మళ్లీ అతడి వైపే చూసింది. సంజీవ ఏదో చెప్పబోయాడు. నిజం చెప్పు బిడ్డా అందామనుకున్నాడు. అంటే, దానికీ "సరే సార్" అంటుంది. అతడికి తెలుసు. మాట మింగి బయటికి నడిచాడు. తలుపు వేసి, ముత్తమ్మ పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాడు.

కొంతసేపటికి లోపలి నుంచి "అవ్వా!" అని కేక. వెంటనే వెక్కివెక్కి ఏడుపు.

ముత్తమ్మ గబాలున లేచింది.

"ఉండు అక్కా," అన్నాడు సంజీవ. "నేనున్నంతసేపు గా కేక రాలే."