రెండో మిషనులోని ఫైలు

"సద్దు సద్దు అంటావు కదా. ఈ పొద్దు అమాస, మగ్గం ఆడేదే లేదు. ఇంక ఆ తలుపు ఎందుకే మూసేది?"

పొద్దున కాఫీల దగ్గర కోడలు సువర్ణతో మొదలుపెట్టిన మాటను ఓబమ్మ ఇంకా వదల్లేదు. ధర్మవరంలో వాళ్ల వీధిలో అమావాస్యనాడు ఏ ఇంట్లోనూ మగ్గం మీద నూలు పట్టుకుని అటూ ఇటూ తిరిగే నాడె కదలదు. మామ ఈశ్వరప్ప మగ్గం గుంత మీద గుడ్డ కప్పి అరుగు మీద పేపరు పరుచుకున్నాడు.

"మీటింగు ఉండాది అత్తా," అంది సువర్ణ.

"మీటింగంటే మాట్లాడల్ల. పొద్దన్నుంచి లోపల నీ గొంతే లేదు."

"పోనీలేయే, పని చేసుకోనీ," అన్నాడు ఈశ్వరప్ప పేపరులోంచి తల ఎత్తకుండానే.

సువర్ణ తలుపు మూసుకుంది. అత్త అన్నది అబద్ధం కాదు. మీటింగు లేదు. కరోనాలో ఇంటికి వచ్చిన బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంట్లోనే ఉండిపోయింది. తోటివాళ్లు ఒక్కొక్కరే ఆఫీసుకు తిరిగి వెళ్లిపోయారు. వారంలో మూడు రోజులు రమ్మని ఆఫీసువాళ్లు మళ్లీ రాశారు, సాయంత్రంలోగా జవాబు చెప్పమన్నారు. ఇదివరకు రెండుసార్లు అడిగినప్పుడు, ఇంట్లో కుదరదని రాసి పంపింది. కుదురుతుందా అని ఇంట్లో ఎవరినీ అడగలేదు.

ఫోను మోగింది. ఆఫీసు నుంచి వీరేష్, హిందూపురం అబ్బాయి.

"అక్కా, మందుల హోల్‌సేలు వాళ్లు అరుస్తాండారు. ఆర్డర్లు కొన్ని నడిమధ్యలో మాయమైపోతాండాయి. లాగ్ ఫైలు చూస్తే ఏమీ ల్యా."

అతని వెనక ఎవరో పకపకా నవ్వారు. టీ గ్లాసులు చప్పుడయ్యాయి.

"ఎవరప్పా నవ్వేది?"

"ఇఫ్రా అని కొత్తగా చేరిందక్కా, చిలమత్తూరు పిల్ల. నీ పేరు ఫైళ్లలోనే చూసిందంట. సువర్ణక్క నిజంగా ఉండాదా, లేదా మీరే కల్పించినారా అంటాది."

సువర్ణ కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక ఆ నవ్వు గదిలో ఒక్కతే నవ్వినట్టు వినిపించింది.

సర్వరులో నడిచే ప్రోగ్రాములో ఒక్కో భాగం తాను చేసిన పనిని వరసగా రాసిపెడుతుంది. ఆ రాతనే లాగ్ అంటారు. నియమం ప్రకారం ఏ భాగమూ తనంతట తానే ఫైలు తెరిచి రాయకూడదు. సర్వరుకు చెప్పాలి, సర్వరే అన్నిటినీ ఒకచోట చేర్చి రాస్తుంది. ఎందుకంటే సర్వరు ఏ భాగాన్ని ఎప్పుడు ఏ మిషను మీద, అంటే ఏ కంప్యూటరు మీద నడిపిస్తుందో ఆ భాగానికి తెలియదు. ఈ ఆర్డర్ల భాగం మాత్రం పాతకాలంది. మిషను ఒక్కటే ఉన్న రోజుల్లో ఎవరో తొందరలో దాన్ని నేరుగా ఫైల్లోకి రాసేట్టు చేశారు. తర్వాత రెండో మిషను వచ్చింది. అందరూ అలవాటు కొద్దీ మొదటిదాంట్లోనే చూస్తూ వచ్చారు.

సువర్ణ రెండోదాంట్లోకి వెళ్లింది. ఫైలు అక్కడే ఉంది. చివరికంటా ఒకటే రాత. ఆర్డరు వచ్చింది. డేటాబేసును అడిగాను. జవాబు లేదు. మళ్లీ, ఆర్డరు వచ్చింది, అడిగాను, జవాబు లేదు. నెలల తరబడి, ఒక్క వరసా తప్పకుండా ఆ భాగం రాసుకుంటూ పోయింది. ఎవరూ ఆ ఫైలు తెరవలేదు.

ఆ రెండో మిషనులో డేటాబేసు అడ్రసు తప్పుగా ఉందని కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. అది సరిచేసింది. ఫైల్లోకి నేరుగా రాసే ముక్క తీసేసి, ఇకమీద సర్వరుకే చెప్పేట్టు మార్చింది. అన్నీ అయిపోయాక కూడా ఆ ఫైలు మూయబుద్ధి కాలేదు.

తలుపు అవతల మాటలు వినిపిస్తున్నాయి. మగ్గం ఆడే రోజుల్లో ఇవి వినిపించవు. భర్త ఆనంద్ అంగడికి పోలేదు, కూతురు జ్యోతిలక్ష్మికి కాలేజీ లేదు. ఎవరిదో పెళ్లి ముచ్చట్లు. ఓబమ్మ ఏదో అంది, అందరూ నవ్వారు. ఎవరూ ఆమెను పిలవలేదు. తలుపు మూసి ఉంటే పిలవకూడదని నేర్పింది తనే.

ఆఫీసువాళ్లు జవాబు అడిగిన మెయిలు తెరిచింది. రెండు ముక్కల్లో రాసి పంపేసింది.

ఆమె గదిలోంచి బయటికి వచ్చేసరికి అందరి ముందూ సంగటి, చెనిక్కాయల చట్నీ వడ్డించి ఉన్నాయి.

"వచ్చిందప్పా కలెక్టరమ్మ," అంది ఓబమ్మ. "అయిపాయనా గొంతు లేని మీటింగు?"

"అయిపాయ అత్తా."

జ్యోతి జరిగి చోటిచ్చింది. సువర్ణ కూర్చుంది. సంగటి తుంచి చట్నీలో అద్దుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఆ గది తలుపు ఇంక తెరిచే పెట్టుకో అత్తా," అంది, గొంతు పెంచకుండా. ఆనంద్ ముద్ద మధ్యలో ఆపి తలెత్తాడు. ఆమె అందరివైపూ చూసింది. "వచ్చే సోమవారం నుంచి నేను బెంగళూరు ఆఫీసుకు పోతాండా. వారంలో మూడు దినాలు ఆడ లేడీస్ హాస్టల్లో ఉంటా, తక్కినవి ఈడ. వస్తానని రాసేసినా."