పూత కింద వెంట్రుక

పటం మీద వేలు ఆనించగానే వదినకు ఒళ్ళు జలదరించింది. బొమ్మలోని ముసలామె చెంప మీద వార్నిషు పూత ఎక్కడికక్కడ ముడుచుకుపోయి, మశూచి పోసినట్టు గుంటలు పడింది. ఆ గుంటల మధ్య ఒక పొట్టి వెంట్రుక, నూనె జిడ్డుతో సహా, అంటుకుని ఉంది.

ఎవరిదో అడగక్కర్లేదు. ఆ పటాల కొట్టు ఆమె మరిదిది, పూత పని ఆమెది. పొద్దున్నే స్నానం చేసి, తడి తలకే నూనె పట్టించి, సరాసరి పూత కొట్టే స్ప్రే గదిలోకి వచ్చి దువ్వుకుంటాడు. అక్కడ గాలిని బయటికి లాగే ఫ్యాను ఉంది, దాని కింద నిలబడితే తల తొందరగా ఆరుతుందట. పక్కనే మేకు కొట్టి అద్దం కూడా తగిలించుకున్నాడు. నూనె తగిలిన చోట పూత నిలవదు నాయనా, గుంటలు పడుతుంది అని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. "ఉన్నవే నాలుగు వెంట్రుకలు. వాటి మీద కూడా నీ కన్నేనా వదినా" అని నవ్వేవాడు.

ఈ బొమ్మ డ్రాయింగ్ టీచరమ్మది. మెట్టు మీద పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వాళ్ళమ్మను వేసింది. తెచ్చి ఇచ్చిన రోజున, "ఇదే నా ఆఖరిదమ్మా. చూపు బొత్తిగా పోతోంది, ఇంక గీతకీ గోడకీ తేడా తెలియట్లేదు. దీనికి పూత నువ్వే వెయ్యాలి" అని వదిన చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ముసురు తగ్గి ఎండ కాశాక పూత కొడదామని వదిన దాన్ని గోడవారగా ఆనించి, గుడ్డ కప్పి ఉంచింది. నిన్న జ్వరమొచ్చి పడుకుంది. ఇవాళ వచ్చేసరికి ఇదీ సంగతి.

"పూత నిన్నెవరు కొట్టమన్నారు?" అని మరిదిని నిలదీసింది.

"సాయంత్రం ఆవిడ వస్తోంది. నువ్వేమో మంచం ఎక్కావు. పోనీ కదా అని చేస్తే ఇదా మర్యాద?"

"వానలో కొట్టావు. ఎలా తెల్లబారిందో చూడు, పాలు ఒలకబోసినట్టు. చెంప మీద ఈ గోధుమ చుక్కలేమిటి?"

మరిది జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి, ఘనకార్యం చేసినవాడిలా చూపించాడు. "గుంటలు పూడ్చాను. చెంప రంగుకి అతికినట్టు సరిపోయింది. అయినా ఆవిడకి కనబడదులే వదినా."

ఆమె పెన్ను లాక్కుని బల్ల మీద పడేసింది.

"అంటే, చూపులేని మనిషి కంచంలో ఈగ పడితే తీసెయ్యక్కర్లేదంటావు."

"ఎక్కడి మాట ఎక్కడికి తీసుకుపోతావు. పైన ఇంకో పూత కొట్టెయ్, చుక్కలు లోపలికి పోతాయి."

"చుక్కలతో పాటు నీ వెంట్రుక కూడానా? అవతలికి నడు."

అతన్ని గదిలోంచి వెళ్ళగొట్టి, కిటికీలు బార్లా తెరిచింది. ఈ రకం పూతకి ఒకటే మంచి గుణం, స్పిరిటుతో తుడిస్తే కరిగి వచ్చేస్తుంది. దూది తడిపి, ఒత్తకుండా, చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ తుడిచింది. దూదికి జిగట పట్టింది. ఆ జిగటలో ఒక దోమ కాలు, తర్వాత వెంట్రుక. పట్టకారుతో పట్టి కాగితంలో వేసి మడిచింది. ఎవరి తల్లి ముఖం, ఎవడి తల నూనె.

పిల్లి తేటపడింది. మెట్టు తేటపడింది. చెంప దగ్గర మాత్రం గుంటలో పూత లేదు కనక, పెన్ను సిరా నేరుగా రంగులోకి దిగింది. చాలా చుక్కలు వచ్చేశాయి. కంటి కింద ఒకటి రాలేదు. ఇంకోసారి తుడిచేసరికి దూదికి లేత గులాబీ అంటింది. అది సిరా కాదు, చెంప. ఆమె చెయ్యి టక్కున వెనక్కి తీసుకుంది.

సాయంత్రం టీచరమ్మ గోడ తడుముకుంటూ స్ప్రే గదిలోకే వచ్చింది. మరిది గొంతులోకి ఎక్కడలేని తేనె దిగింది. "రండి టీచరమ్మా, కూర్చోండి. అద్దంలా వచ్చింది మీ పటం."

వదిన పటం తెచ్చి బల్ల మీద పెట్టింది. "రాలేదండీ. పూత చెడిపోతే మొత్తం తీసేశాను. కంటి కింద పెన్ను మరక ఒకటి ఉండిపోయింది. ఇంకా తుడిస్తే బుగ్గ పోయేది. మీ వేలు ఇలా ఇవ్వండి."

వేలు పట్టుకుని మరక మీద పెట్టింది. టీచరమ్మ ముక్కు బొమ్మకు తగిలేంతగా వంగి చూసింది.

"మా అమ్మకి అక్కడ మచ్చ లేదు" అంది. తల ఎత్తి, మరిది నిలబడ్డ వైపు తిరిగింది. "ఈ గదిలో తలనూనె వాసన వస్తోందేం?"

మరిదికి దగ్గు వచ్చింది.

"పూత మళ్ళీ ఎప్పుడు కొడతావమ్మా?"

"ఎండ రావాలి. మా మరిది తల దువ్వుకునే ఆ అద్దం ఇక్కణ్ణుంచి పోవాలి."

"రెండూ అయ్యాక కబురు చెయ్యి. అంతదాకా మా అమ్మ నా దగ్గరే ఉంటుంది." పటాన్ని చీరచెంగులో చుట్టుకుని, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

"కొట్టు పరువు తీశావు వదినా" అన్నాడు మరిది.

అద్దం అంచంతా జిడ్డు కారుతుంటే, ఆమె పాత కాగితంతో పట్టుకుని మేకు మీంచి తీసింది. పట్టుకెళ్ళి మరుగుదొడ్డి తలుపు లోపలివైపు తగిలించింది.

"అక్కడ లైటు కూడా లేదు, నాకేం కనబడుతుంది?"

"కనబడకపోతేనేంలే" అని, ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది. సబ్బు ఎంత రుద్దినా ఆ జిడ్డు ఒక పట్టాన వదల్లేదు.