మీరాబీ బొమ్మ బేరం

మామిడి తాండ్ర పొట్లం మీదకు బొమ్మ కావాలని తాండ్ర వ్యాపారి హర్షవర్ధన్ అడిగినప్పుడు షహనా గీసిన మొదటి మొహాలేవీ అతనికి నచ్చలేదు. చివరికి ఆమె చేయి వాళ్ళమ్మ మీరాబీని గీసింది. ఈతచాప మీద రసం పోసి, కొంగు నెత్తిన వేసుకుని, ఎండకు ఒక కన్ను చిట్లించి, కాకులు వాలకుండా కాపు కాస్తున్న మనిషి. మీరాబీ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఆమె ఫొటో ఆధార్ కార్డు మీద ఉన్నదొక్కటే. అందులో ఎవరో బెదిరిపోయిన ఆడమనిషి ఉంది. మీరాబీ లేదు.

ఆ బొమ్మ ఫోనులో చూడగానే హర్షవర్ధన్ రెడ్డిగూడెం నుంచి కారేసుకుని తిరువూరు వచ్చాడు. షహనా తండ్రి లాల్‌సాహెబ్ కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన పూత మీద మామిడి తోటలు కొంటాడు. చెట్టు రైతుదే, ఆ ఏటి కాయ మాత్రం ఈయనది. బేరమంటే ఆయన ఉండాల్సిందే.

"ఏడాది వాడుకోవడానికి పన్నెండు వేలండి," అంది షహనా. "ఆపైన వాడాలంటే మళ్ళీ మాట్లాడుకుందాం. బొమ్మ నాదే. మార్చాలన్నా నన్ను అడగాలి."

"బొమ్మకి అద్దేంటమ్మా? ఫ్లెక్సు షాపులో వెయ్యి పడేస్తే మధ్యాహ్నానికల్లా చేతిలో పెడతారు. కంప్యూటర్నడిగితే అదీ అక్కర్లేదు."

"అడగలేదా మరి?"

హర్షవర్ధన్ నవ్వేశాడు. "అడిగా. అన్నీ హీరోయిన్లే వచ్చారు. ఒక్కతీ తాండ్ర పోసే మొహంలా లేదు."

"అందుకేనండి పన్నెండు."

లాల్‌సాహెబ్ మీసంలో నవ్వుకున్నాడు. పిల్లకు బేరం వచ్చు.

"ఎనిమిది. ఎప్పటికీ నాదే."

"కుదరదండి."

"సరేలే, ఇంకెవర్నన్నా చూసుకుంటా."

లేచి గుమ్మం దాకా పోయాడు. షహనా కదల్లేదు. మనిషి చెప్పులు తొడుక్కోవడంలో తొందర లేదు. వెనక్కి వస్తాడని ఆమెకు తెలిసింది.

లాల్‌సాహెబ్ చూసింది వేరు. కొనేవాడు గుమ్మం దాటితే కాయ మెత్తబడుతుంది. ఆ భయం ఆయన ఒంట్లో ఉంది.

"హర్షా బాబూ! ఇరవై ఇవ్వండి. మొత్తం మీదే. మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండి."

"నాన్నా!"

హర్షవర్ధన్ గుమ్మంలోనే ఫోను తీశాడు. డబ్బు పడినట్టు షహనా ఫోను మోగింది.

"మాటంటే మాటేనండీ సాయిబు గారూ. మొత్తం ఇచ్చేసినట్టు ఒక్క మెసేజ్ పెట్టమ్మా."

తండ్రి ఇచ్చిన మాట. ఆమె పెట్టింది.

కారు పోయాక లాల్‌సాహెబ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చూశావా? పన్నెండుని ఇరవై చేశా. ఏంటే ఆ మొహం? చెట్టు మన దగ్గరే ఉందిగా, నీ ఫోన్లో. ఆయన పట్టుకెళ్ళింది కాయే."

"చెట్టే ఇచ్చేశాం నాన్నా. ఫోన్లో ఉన్నా అది మనది కాదు. అతను కొమ్మలు నరుక్కున్నా అడగలేం. అమ్మ బొమ్మని నేనింకెక్కడా వేయడానికి లేదు."

ఆయన తువ్వాలు తీసి కుర్చీ మీద పడేశాడు. తర్వాత హర్షవర్ధన్‌కు ఫోను చేశాడు.

"ఇరవై వెనక్కి వేస్తాను బాబూ. ఏడాదికే తీసుకోండి."

"ప్రింటింగు వాళ్ళతో మాట్లాడేశానండీ. అయినా ఇప్పుడేమైందని?"

ఆ బొమ్మలో ఉన్నది మా ఆవిడండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఇరవై వేల వెల తను ఎవరికి కట్టాడో తనకే వినపడుతుంది. "ఏం లేదులెండి," అని పెట్టేశాడు.

సాయంత్రం హర్షవర్ధన్ మెసేజ్ వచ్చింది. నుదుటన బొట్టు పెట్టాలి, మన ఇళ్ళల్లో అమ్మలా ఉండాలి, నీకు ఖాళీ లేకపోతే ఇక్కడ డిజైన్ చేసే అతనితో పెట్టిస్తానమ్మా అని. మర్యాదగానే రాశాడు.

"పెట్టమాక," అన్నాడు లాల్‌సాహెబ్.

"నేను పెట్టకపోతే వాళ్ళు పెడతారు. ఆ చేత్తోనే చిట్లించిన కన్ను కూడా బాగు చేసేస్తారు నాన్నా."

ఆయన లేచి వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు. మీరాబీ నుదుటి దగ్గర షహనా చేయి ఆగి ఉంది.

"చిన్నది పెట్టు," అన్నాడు.