ముప్ఫై ఎనిమిది నిమిషాలు

నరసన్నపేటలో బెల్లం, చింతపండు అమ్మే నగరేశ్వరరావుకి కూతురు అనూరాధ చదువేమిటో ఎన్నడూ అంతుపట్టలేదు. "మబ్బులు సదివితే ఎవులు కొంతారే?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. విశాఖలో ఆరేళ్లు ఉరుము మేఘాల మీద పనిచేసి డాక్టరేటు తీసుకుంది. పుణేలో రెండేళ్లు పరిశోధన చేసింది. తర్వాత విజయనగరంలో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరి, ఏటా జూన్‌లో మళ్లీ ఉంచుతారో లేదోనని బెంగపడుతూ తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పింది.

ఆ తొమ్మిదేళ్లలో తనదని చెప్పుకోదగ్గది ఒక్కటే. పాతపట్నం దగ్గర ఒక బడి డాబా మీద ఆమె అమర్చిన పరికరం, పిడుగు పడబోయే సంగతి అరగంట ముందే పసిగట్టేది. ఆ కబురును పొలాల్లోని ఆడవాళ్ల ఫోన్లకు చేరవేసే పని ఆమె విద్యార్థిని అరుణశ్రీది. వాళ్లదీ ఆ పక్క ఊరే. తల్లి కూర్మమ్మ ఉభాల రోజుల్లో కూలికి నాట్లు వేసేది. చదువు రానివాళ్లుంటారని అరుణశ్రీ తన గొంతుతోనే చెప్పి పంపేది: "పిడుగు పడతాది. పని ఆపేసి ఇంటికెల్లిపోండి." ఆ మాటలు రాసిచ్చింది అనూరాధే.

జులై చివర ఒక మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగా పరికరం కబురు పంపింది. అరుణశ్రీ వెంటనే ఆడవాళ్ల ఫోన్ గ్రూపులో మెసేజ్ పెట్టి, తల్లికి ఫోన్ కూడా చేసింది. "ఎల్లిపోతన్నాంలే" అంది కూర్మమ్మ. సరిగ్గా ముప్ఫై ఎనిమిది నిమిషాలకు పిడుగు పడింది. కూర్మమ్మా, ఇంకొక ఆవిడా అక్కడికక్కడే పోయారు.

మూడో రోజున అనూరాధ ఆ ఊరు వెళ్లింది. వాళ్లతో ఉండి బతికి బయటపడిన కుమారి అరుగు మీద కూర్చుని ఉంది. ఒక చెవి వినపడటం లేదు.

"ఆలస్యం చేశారా అమ్మా?" అని అడిగింది అనూరాధ, గొంతు పెంచి.

"నేదు మేడమ్. ఫోన్ రాగానే మడిలోంచి గట్టెక్కేసినాం. ఊరు గంట నడక. సగం దారిలో వాన పట్టుకున్నాది. తలదాసుకోడానికి తాటిసెట్టు తప్ప ఏటున్నాదక్కడ?" కుమారి పొలాల వైపు చెయ్యి చూపింది. "పక్క మడిలోవోల్ల కాడ ఫోన్ నేదు. అక్కడే వొంగి నాటుకుంతన్నారు. ఆల్లకేటీ అవనేదు."



నెల తిరక్కుండానే పర్మినెంటు పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. ప్యానెల్లో పెద్దాయన జగన్నాధం ఆమె కాగితాలు తిరగేసి మెచ్చుకోలుగా తలూపాడు. "ముప్ఫై ఎనిమిది నిమిషాల ముందే చెప్పగలిగారు. చక్కటి ఫలితం. మరణాలంటారా, జనంలో అవగాహన లేదు. చెప్తే వినరు కదా."

వాళ్లు విన్నారు సార్ అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తొమ్మిది జూన్లు గుర్తొచ్చాయి. "అవును సార్" అంది.

ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికందిన రోజు తండ్రి వీధంతా మిఠాయి పంచాడు. ఆమె ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు.

అరుణశ్రీ కాలేజీకి రావడం మానేసి, తల్లి బదులు కూలికి వెళ్తోంది. అనూరాధ పిలుద్దామని వెళ్తే మడిలోంచే మాట్లాడింది, నడుమెత్తకుండా.

"నానింక రాను మేడమ్. గ్రూపులోంచి సగం మంది ఎల్లిపోయినారు. మళ్లీ మబ్బేస్తే ఏటని సెప్పాల?"

"ఆలోచిస్తున్నాను" అంది అనూరాధ.

ఆదివారాలు ఆమె గడియారం చూసుకుంటూ ఒక్కో పొలం నుంచి ఊరికి నడిచింది. పంతొమ్మిది పొలాల్లో నాలుగింటి నుంచే ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో ఇల్లు చేరొచ్చని తేలింది. తక్కిన పదిహేనింటి దగ్గర కప్పున్న గది ఒక్కొక్కటైనా కట్టాలని రాసి, ఆ లెక్కను, ఇంటర్వ్యూలో తను దాచిన మాటను కలిపి జగన్నాధానికి పంపింది. జవాబు రాలేదు.

సెప్టెంబరు చివర పరికరం నుంచి మళ్లీ కబురొచ్చింది. నాలుగు పొలాలవాళ్లకు ఇంటికి వెళ్లిపొమ్మని ఈసారి అనూరాధే తన గొంతుతో చెప్పింది. మిగతావాళ్లకు, చెట్ల కిందికి పోవద్దని, ఉన్నచోటే కాళ్లు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోమని చెప్పింది. ఆ మడుల్లో మోకాలిలోతు నీళ్లున్నాయని, పిడుగు పడితే నీళ్లలో ఉండటమూ ప్రమాదమేనని ఆమెకు తెలుసు. చెప్పడానికి వేరే మాట లేక అదే పంపి, ఫోన్ పట్టుకుని స్టాఫ్ రూంలో కూర్చుంది.